లైసెన్స్ పోయినా తెర ఆరలేదు.. ఫిలిప్పీన్స్ ‘సినిమా వన్’ చానల్ కథేంటి?

2020 మే 5. ఫిలిప్పీన్స్‌లో అతిపెద్ద టీవీ సంస్థ ఏబీఎస్-సీబీఎన్ ప్రసారాలు ఆ రాత్రి ఆగిపోయాయి. అంతకుముందు రోజే ఫ్రాంచైజీ గడువు ముగిసింది. వెంటనే ప్రభుత్వం ఆపేయమంది. సరే, మరి అదే సంస్థకు చెందిన సినిమాల చానల్ ‘సినిమా వన్’ మర్నాడు కూడా మామూలుగానే ఎలా నడిచింది?

అక్కడి రూల్ అలాంటిది. గాలిలో సిగ్నల్ పంపి యాంటెన్నాకు చేర్చాలంటే అక్కడి కాంగ్రెస్ (చట్టసభ) చట్టం చేసి ఫ్రాంచైజీ ఇవ్వాలి. సినిమా వన్ వచ్చేది కేబుల్ మీద. డబ్బు కట్టేవాళ్లకే కనిపిస్తుంది. అందుకే ఆ ఆర్డర్ దాన్ని తాకలేదు. ఆ ఏడాది జులై 10న కమిటీ 70-11 ఓట్లతో కొత్త ఫ్రాంచైజీ ఇవ్వం పొమ్మన్నా చానల్‌కు ఏమీ కాలేదు.

ఇది 1994లో మొదలైంది. అంతకు ఏడాది ముందే ఇదే సంస్థ స్టార్ సినిమా అనే నిర్మాణ కంపెనీ పెట్టింది. మన దగ్గర ఉషాకిరణ్ మూవీస్, ఈటీవీ ఒకే గూటివి కదా, అచ్చం అలాగన్నమాట. సినిమా తీసేదీ వాళ్లే, థియేటర్ నుంచి దిగాక టీవీలో వేసేదీ వాళ్లే. ఎక్కువగా ఫిలిపినో సినిమాలే.

అక్కడితో ఆగి ఉంటే చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. 2005లో ఈ చానల్ ‘సినిమా వన్ ఒరిజినల్స్’ ఫెస్టివల్ మొదలుపెట్టింది. కొత్త దర్శకుల కథలు ఎంచుకుని, సినిమా తీసుకోమని డబ్బులిచ్చింది. తొలి ఏళ్లలో ఒక్కో సినిమాకు సుమారు 10 లక్షల పెసోలు. స్టార్ హీరో సినిమాతో పోలిస్తే చిల్లరే! కానీ ఆ చిల్లరతోనే రిచర్డ్ సోమ్స్ ‘యంగావ్’ (2008) హిలిగైనాన్ భాషలో వచ్చింది. రెమ్టన్ జువాసోలా ‘అంగ్ దమ్గో ని ఎలియుతేరియా’ (2010) సెబువానోలో, మొత్తం ఒకే షాట్‌లో తీశారు. మనీలా భాష కాని సినిమాకు పెట్టుబడి దొరకడమే కష్టమైన చోట ఇది చిన్న విషయం కాదు. ఆంటోనెట్ జడావోనే ‘దట్ థింగ్ కాల్డ్ తధానా’ 2014 ఫెస్టివల్‌లో పడి, మరుసటి ఏడాది థియేటర్లలో పెద్ద హిట్టయింది.

పాత సినిమాల సంగతీ ఇదే సంస్థ చూసుకుంది. 2011లో డిజిటల్‌గా బాగుచేసే పని మొదలుపెట్టింది. నోరా ఔనోర్ నటించిన ‘హిమాలా’ (1982) కొత్త ప్రింట్ 2012లో వెనిస్ ఫెస్టివల్‌కు వెళ్లింది.

అసలు దెబ్బ ఇక్కడే తగిలింది. చానల్ బతికింది కానీ దాని వెనకున్న జేబు చిల్లుపడింది. మెయిన్ చానల్ యాడ్స్ ఆదాయం పోయాక మాతృసంస్థ వేలమంది ఉద్యోగులను తీసేసింది. ఒరిజినల్స్ 15వ ఎడిషన్ 2019లో జరిగింది. ఆ తర్వాత ఆ స్థాయిలో మళ్లీ జరగలేదు. చట్టం సినిమా వన్ తెరను ముట్టుకోలేదు, సినిమా తీయించే డబ్బును మాత్రం ఎండగట్టింది. చానల్ మూసేస్తే జనం గోల చేస్తారు. తీయని సినిమా గురించి ఎవరు అడుగుతారు?

ఇక మిగిలిన ఆ కేబుల్ వైరు సంగతి. అదే గ్రూపుకు చెందిన స్కై కేబుల్‌ను 675 కోట్ల పెసోలకు కొంటామని టెలికాం దిగ్గజం పీఎల్‌డీటీ 2023 మార్చిలో ప్రకటించింది. అది కుదిరితే స్కై టీవీ సర్వీసు ఆపేసి, ఇంటర్నెట్ మాత్రమే నడపాలన్నది ప్లాన్. 2024 ఫిబ్రవరిలో డీల్ రద్దయింది. దాంతో మూతపడాల్సిన టీవీ సర్వీసు కొనసాగింది.