పేరు ఒకరిది.. పనితనం మరొకరిది!

గిటార్ల లోకంలో కనిపించని ఫ్యాక్టరీలు.. ఆర్డరు తరలితే వీధిన పడేది కార్మికులే.. బళ్లారి జీన్స్‌కూ ఇదే పాఠం

బెంగళూరు, చెన్నై, పుణె నగరాల్లో ఏ సంగీత వాయిద్యాల దుకాణానికి వెళ్లినా గోడ నిండా గిటార్లు వేలాడుతుంటాయి. తలభాగం మీద ఒక్కోదానికి ఒక్కో పేరు. అమెరికా పేర్లు, జపాన్ పేర్లు, దేశీయ లేబుళ్లు. ధరలో తేడా వేలల్లోంచి లక్షల దాకా ఉంటుంది. అయితే గోడ మీద కనిపించినన్ని ఫ్యాక్టరీలు మాత్రం లోకంలో లేవు. పక్కపక్కనే వేలాడే రెండు పోటీ కంపెనీల గిటార్లు ఒకే షెడ్డులో, ఒకే చేతుల మీదుగా తయారై ఉండొచ్చు. ఆ షెడ్డు పేరు మాత్రం గిటార్ మీద ఎక్కడా కనిపించదు.

బళ్లారిలో జీన్స్ కుట్టేవాళ్లకు ఈ మాట కొత్త కాదు. ఇక్కడ కత్తిరించి, కుట్టి, ఉతికి, ఇస్త్రీ చేసిన ప్యాంటు వేరే ఊరి ట్యాగుతో షోరూముకెక్కడం వాళ్లు రోజూ చూసేదే. దాన్ని ఇక్కడ జాబ్‌వర్క్ అంటారు. గిటార్ల వ్యాపారంలోనూ జరిగేది అచ్చంగా అదే. వందేళ్లుగా జరుగుతోంది. ఆ వందేళ్లలో ఎవరు బాగుపడ్డారు, ఎవరు రోడ్డున పడ్డారు అన్నది సరిహద్దు జిల్లాల చేతివృత్తుల వాళ్లు తెలుసుకోదగ్గ సంగతి.

చికాగోలో మొదలు

ఈ పద్ధతికి పునాది అమెరికాలోని చికాగోలో పడింది. పోస్టు ద్వారా సరుకు అమ్మే సియర్స్ కంపెనీ ఊరూరా కేటలాగులు పంచేది. అందులో సిల్వర్‌టోన్ పేరుతో గిటార్లు ఉండేవి. సిల్వర్‌టోన్ ఫ్యాక్టరీ అంటూ ఒకటి లేదు. హార్మొనీ, కే అనే చికాగో కంపెనీలు, 1954 నుంచి న్యూజెర్సీలోని డాన్‌ఎలెక్ట్రో తయారుచేసి ఇస్తే సియర్స్ తన పేరు వేసుకునేది. ఇంకో పెద్ద కేటలాగు కంపెనీ మాంట్‌గోమరీ వార్డ్‌దీ అదే దారి. 1930ల ఆర్థిక మాంద్యంలో గిబ్సన్ అంతటి కంపెనీ కూడా మాంట్‌గోమరీ వార్డ్ కోసం రికార్డింగ్ కింగ్ అనే పేరుతో వాయిద్యాలు చేసి ఇచ్చింది. ఫ్యాక్టరీ నడవాలి, కూలీలకు జీతాలివ్వాలి. పరువు కన్నా పని ముఖ్యమైన రోజులవి.

చివరికేమైంది? సియర్స్ పేరు నిలిచింది. కే కంపెనీ 1968లో మూతపడింది. ఒకప్పుడు దేశంలోకెల్లా ఎక్కువ గిటార్లు చేసిన హార్మొనీ 1975లో తలుపులు మూసుకుంది. ఎందుకంటే అప్పటికి చవక గిటార్ల పని జపాన్ చేరిపోయింది.

కుట్టుమిషన్ పెట్టెల నుంచి గిటార్ల దాకా

జపాన్‌లో ఈ పనికి కేంద్రం నగానో ప్రాంతంలోని మత్సుమోటో పట్టణం. అక్కడ రెండు పేర్లు చెప్పుకోవాలి. మొదటిది మత్సుమోకు. వడ్రంగం కంపెనీ. సింగర్ కుట్టుమిషన్లకు చెక్క పెట్టెలు చేసేది. చెక్కపని చేయి తిరిగినవాళ్లు కావడంతో గిటార్లలోకి దిగారు. ఏరియా, వెస్టోన్, వాంటేజ్.. ఇలా ఎన్నో పేర్లకు పనిచేశారు. గిబ్సన్ చేతికి వచ్చిన ఎపిఫోన్ బ్రాండు 1970 ప్రాంతంలో అమెరికా వదిలి వచ్చి చేరింది కూడా వీళ్ల దగ్గరికే. 1987లో మత్సుమోకు మూతపడింది.

రెండోది ఫుజిజెన్. 1960లో మొదలైంది. ఐబనెజ్ గిటార్లకు పేరు తెచ్చిన పనితనం చాలావరకు ఈ ఫ్యాక్టరీదే. ఐబనెజ్ అన్నది అసలు ఒక స్పెయిన్ గిటార్ శిల్పి ఇంటిపేరు. దాన్ని వాడుకున్నది నగోయాలో 1908లో పుస్తకాల దుకాణానికి అనుబంధంగా వాయిద్యాల వ్యాపారం మొదలుపెట్టిన హోషినో కంపెనీ. అంటే పేరు స్పెయిన్‌ది, వ్యాపారం నగోయాది, పని మత్సుమోటోది. కొన్నది అమెరికా కుర్రాళ్లు.

అమెరికా కంపెనీలు ఊరుకోలేదు. తమ గిటార్ తలభాగం ఆకారాన్ని కాపీ కొట్టారంటూ గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్ 1977లో హోషినోకు చెందిన అమెరికా కంపెనీ మీద ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టుకెక్కింది. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఆ కేసు పుణ్యమా అని నాటి జపాన్ కాపీలను పాత సరుకు వ్యాపారులు నేటికీ ‘లాసూట్ గిటార్లు’ అని చెప్పి ఎక్కువ ధరకు అమ్ముకుంటున్నారు.

ఫెండర్ మాత్రం వేరే దారి పట్టింది. కాపీ కొట్టేవాళ్లతో పోట్లాడే బదులు వాళ్ల చేతే చేయించుకుంటే పోలేదా అనుకుంది. 1982లో జపాన్ వ్యాపార సంస్థలతో కలిసి ఫెండర్ జపాన్ పెట్టింది. తయారీ పని ఫుజిజెన్‌కు దక్కింది. 1985లో ఫెండర్‌ను సీబీఎస్ సంస్థ నుంచి దాని ఉద్యోగులే కొనుక్కున్నారు. ఆ బేరంలో పేరు, డిజైన్లు వచ్చాయి గానీ ఫులర్టన్ ఫ్యాక్టరీ రాలేదు. కొత్త ఫ్యాక్టరీ లేచి నిలదొక్కుకునే దాకా ఆ అమెరికా పేరును జపాన్ సరుకే మోసింది.

తాళం పడిన రోజు

1985 తర్వాత యెన్ విలువ పెరిగింది. జపాన్ సరుకు అమెరికాలో ఖరీదైపోయింది. ఆర్డర్లు దక్షిణ కొరియాకు కదిలాయి. సామిక్, 1973లో మొదలైన కోర్ట్ వంటి కంపెనీలు పెద్దవయ్యాయి. కొరియాలో కూలి పెరిగేసరికి అవే కంపెనీలు ఇండోనేషియాలో, చైనాలో ఫ్యాక్టరీలు కట్టాయి. పని ఎప్పుడూ కూలి తక్కువ ఉన్న వైపుకే పారుతుంది. నీరు పల్లమెరుగు అన్నట్టు.

పని పారిపోయిన చోట ఏం మిగులుతుందో కోర్ట్ కార్మికుల కథ చెబుతుంది. 2007లో కొరియాలోని ఇంచియాన్ ఫ్యాక్టరీలో కార్మికులను పెద్ద ఎత్తున తొలగించారు. అదే ఏడాది డేజియాన్ ఫ్యాక్టరీ మూతపడింది. పనికి వచ్చినవాళ్లకు గేటుకు తాళం కనిపించింది. నష్టాలు వచ్చాయని యాజమాన్యం అంది. ఆర్డర్లను విదేశాల్లోని ఫ్యాక్టరీలకు తరలించి, యూనియన్‌ను వదిలించుకోవడానికే ఈ పని చేశారని కార్మికులు అన్నారు.

ఏళ్ల తరబడి తాము చేసిన గిటార్లు ఏ పేర్లతో అమ్ముడుపోతున్నాయో వాళ్లకు బాగా తెలుసు. అందుకే న్యాయం అడగడానికి ఆ పేర్ల వెంటే వెళ్లారు. 2010 జనవరిలో అమెరికాలోని అనహైమ్‌లో జరిగే వాయిద్యాల ప్రదర్శన దగ్గర తమ గోడు చెప్పుకున్నారు. టామ్ మొరెల్లో వంటి పేరున్న గిటారిస్టు వాళ్ల పక్షాన నిలిచాడు. కొందరు కార్మికులు ఉద్యోగం పోయాక వాయిద్యాలు పట్టుకుని ఒక బ్యాండే కట్టారు.

తొలగింపులు చెల్లుతాయని 2014లో ఆ దేశ సుప్రీంకోర్టు తేల్చింది. అయినా వాళ్లు శిబిరం ఎత్తలేదు. 2019 ఏప్రిల్‌లో గానీ కంపెనీతో ఒప్పందం కుదరలేదు. పన్నెండేళ్లకు పైగా నడిచిన పోరాటం అది. ఈలోగా ఆ బ్రాండ్ల అమ్మకాలు ఆగలేదు. కొన్నవాడికి గిటార్ ఏ ఊరి నుంచి వచ్చేదో, ఏ ఊరికి మారిందో పట్టలేదు. పేరు గలవాడు ఫ్యాక్టరీ మార్చుకోగలడు. ఫ్యాక్టరీని నమ్ముకున్నవాడు ఊరు మార్చుకోలేడు. మొత్తం వ్యవహారంలో కీలకం ఇదే.

ఒకే ఫ్యాక్టరీ అయితే ఒకే సరుకా?

‘రెండూ ఒకే చోట తయారైనప్పుడు ఎక్కువ పెట్టి కొనడం దండగ కదా’ అని చాలామంది అడుగుతారు. సగం నిజమే. అమెరికాలో తయారైన మోడల్‌కు, దాదాపు అదే ఆకారంలో ఇండోనేషియాలో తయారైన మోడల్‌కు ధరలో నాలుగు రెట్ల తేడా కూడా ఉంటుంది. కానీ ఒకే వంటవాడు అయినంత మాత్రాన హోటల్ భోజనం, పెళ్లి భోజనం ఒకటి కావు. ఎవరు ఎంత ఇచ్చారన్న దాన్ని బట్టి సరుకు పడుతుంది.

గిటార్‌లోనూ అంతే. చెక్క ఎన్నాళ్లు ఆరబెట్టింది, తంత్రులు బిగించే మరలు ఏ రకం, శబ్దం పట్టే పికప్‌లు ఎవరివి, రంగు ఎన్ని పూతలు అన్నది ఆర్డరు ఇచ్చినవాడు రాసిచ్చే కాగితంలో ఉంటుంది. వీణకు మెట్లు ఎలాగో గిటార్‌కు ఫ్రెట్లు అలా. వాటి అంచులు చేత్తో నునుపు చేయడానికి ఒక్కో గిటార్‌కు ఎన్ని నిమిషాలు కేటాయించారన్న దాంట్లోనే సగం తేడా తెలిసిపోతుంది. చివర్లో తనిఖీ ఎంత గట్టిగా చేస్తారు, ఎన్నిటిని పక్కన పడేస్తారు అన్నది మిగతా సగం. కాబట్టి ‘అదీ ఇదీ ఒకటే’ అని అమ్మేవాడినీ నమ్మకూడదు. ‘దీనికీ దానికీ సంబంధమే లేదు’ అనేవాడినీ నమ్మకూడదు.

తెలుసుకోవాలనుకునేవాళ్లకు సీరియల్ నంబరు కొంత దారి చూపుతుంది. జపాన్ ఐబనెజ్ మీద ఎఫ్ అక్షరంతో నంబరు మొదలైతే ఫుజిజెన్ సరుకు. ఫెండర్ వారి చవక బ్రాండు స్క్వైర్ మీద ఐసీఎస్ అని ఉంటే ఇండోనేషియాలోని కోర్ట్ ఫ్యాక్టరీలో తయారైందని గుర్తు.

చెక్కకు చిరునామా.. మనిషికి లేదు

ఈ గుట్టంతా చట్టవిరుద్ధమా అంటే కాదు. అమెరికా చట్టం దిగుమతి సరుకు మీద ఏ దేశంలో తయారైందో వేయమంటుంది. ఏ ఫ్యాక్టరీ అన్నది అడగదు. ఆ పేరు బయటపెట్టకూడదన్న షరతు కాంట్రాక్టులో రాయించుకుంటే ఫ్యాక్టరీ నోరు మెదపడానికి లేదు.

విచిత్రం ఏమిటంటే అదే గిటార్‌లోని చెక్క విషయంలో మాత్రం లెక్క చాలా కచ్చితంగా ఉంటుంది. ఇక్కడే మన ప్రాంతానికి నేరుగా సంబంధం ఉంది. లోకంలోని ఎన్నో గిటార్ల ఫింగర్‌బోర్డులకు, పక్కలకు, వెనక పలకకు వాడేది ఇండియన్ రోజ్‌వుడ్. కన్నడంలో బీటె, తమిళంలో ఈట్టి, తెలుగులో జిట్రేగి. కర్ణాటక, తమిళనాడు, కేరళ కొండల్లో పెరిగే చెట్టు ఇది. దుంగలుగా దేశం దాటించడానికి మన చట్టం ఒప్పుకోదు.

2011 ఆగస్టులో అమెరికా వన్యప్రాణి శాఖ అధికారులు నాష్‌విల్, మెంఫిస్‌లలోని గిబ్సన్ ఫ్యాక్టరీల మీద దాడి చేసింది ఈ చెక్క కోసమే. భారత్ నుంచి వచ్చిన పలకలు మన ఎగుమతి నిబంధనలకు లోబడి ఉన్నాయా, కాగితాల్లో రాసిన రకం, మందం సరైనవేనా అన్నది వివాదం. అంతకుముందే మడగాస్కర్ నుంచి వచ్చిన ఎబొనీ చెక్క మీద విచారణ ఉంది. రెండూ కలిపి 2012 ఆగస్టులో గిబ్సన్ 3 లక్షల డాలర్ల జరిమానాతో రాజీ చేసుకుంది. భారత్ చెక్క తిరిగి కంపెనీకి అందింది. తర్వాత 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతి మొత్తాన్ని అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం కింద నియంత్రణలోకి తెచ్చారు. వాయిద్యకారులు గిటార్ పట్టుకుని సరిహద్దు దాటడానికే భయపడే పరిస్థితి రావడంతో 2019 నవంబరు నుంచి తయారైన వాయిద్యాలకు మినహాయింపు ఇచ్చారు.

అంటే చెట్టు ఏ దేశంలో నరికారో కాగితం మీద ఉండాలి. ఆ చెక్కను గిటార్‌గా మలిచిన మనిషి ఏ షెడ్డులో పనిచేశాడో ఉండనక్కర్లేదు. చెట్టుకు ఇచ్చిన చిరునామా మనిషికి ఎందుకివ్వరన్నది అడగాల్సిన ప్రశ్న.

బళ్లారి ఏం నేర్చుకోవాలి?

మన దేశంలో ప్యాకెట్ సరుకు మీద తయారీదారు పేరు, చిరునామా వేయాలన్నది 2011 నుంచి అమల్లో ఉన్న తూనికలు కొలతల నిబంధన. బిస్కెట్ ప్యాకెట్ తిప్పి చూస్తే తయారుచేసింది ఒకరు, మార్కెట్ చేసింది మరొకరని చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. ఆ చిన్న అక్షరాలే జాబ్‌వర్క్ చేసేవాడికి దక్కే పేరు. ఎవరూ చదవరు, నిజమే. అయినా రేపు మరో కొనుగోలుదారు దగ్గరికి వెళ్లినప్పుడు ‘ఇది మా పని’ అని చూపించడానికి ఆ మాత్రం ఆధారం ఉంటుంది.

గిటార్ల చరిత్ర చూస్తే మూడు సంగతులు తేలుతున్నాయి. ఒకే పెద్ద కొనుగోలుదారు మీద ఆధారపడ్డ ఫ్యాక్టరీ, ఆ ఒక్కడు కదిలితే కూలిపోతుంది. ఇతరుల పని చేస్తూనే సొంత పేరు పెంచుకున్నది నిలబడుతుంది. ఫుజిజెన్ ఈనాడు ఎఫ్‌జీఎన్ పేరుతో సొంత గిటార్లు అమ్ముతోంది. కోర్ట్ కూడా తన పేరుతోనే అమ్ముకుంటోంది. అయితే యజమానికి పేరు వచ్చినంత మాత్రాన కార్మికుడికి భద్రత రాదు. కోర్ట్ కార్మికుల సంగతే దానికి సాక్ష్యం. ఇది మూడోది.

2023 కర్ణాటక శాసనసభ ఎన్నికల ప్రచారంలో బళ్లారికి జీన్స్ పార్కు హామీ వినిపించింది. షెడ్లు, కరెంటు, నీళ్లు కావాల్సిందే. కానీ పీసు రేటుకు కుట్టే టైలర్‌కు, కటింగ్ మాస్టర్‌కు పార్కు ఏం ఇస్తుందన్న మాట కూడా రావాలి. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు దక్కింది. గొల్లపల్లి కళాకారులు పనస చెక్కతో చేసిన వీణ బొబ్బిలి పేరుతోనే అమ్ముడుపోతుంది. పేరు ఊరిదైతే పని ఊరు దాటిపోవడం కష్టం.

గుట్టు విప్పితే నష్టమేమీ లేదని కొన్ని పెద్ద కంపెనీలే గ్రహిస్తున్నాయి. అమెరికాకు చెందిన పీఆర్ఎస్ తన ఎస్ఈ రకం గిటార్లను 2001 నుంచి కొరియాలో చేయించింది. తర్వాత ఇండోనేషియాలోని సురబయలో ఉన్న కోర్ట్ కంపెనీకి మార్చినప్పుడు ఆ సంగతి దాచలేదు. ఫ్యాక్టరీని, పనివాళ్లను బహిరంగంగా చూపించింది. అమ్మకాలేమీ ఆగిపోలేదు. మంచి పని ఎవరు చేశారో చెబితే సరుకు విలువ తగ్గదని తేలింది. ఈసారి ఆర్డరు కాగితం మీద సంతకం పెట్టే ముందు బళ్లారి యూనిట్ల యజమానులు ట్యాగు లోపలి వైపున తమ ఊరి పేరు కూడా పడాలని అడగొచ్చు. అడిగితే పోయేదేముంది? అడగకపోతే మాత్రం పేరు ఎలాగూ రాదు.