పాట ఫ్రీ... పేస్టుకి పైసలు!

"ఏమండీ, కొత్త సినిమా పాటలన్నీ యూట్యూబులో ఫ్రీగా పెట్టేస్తున్నారు గదా! మరి ఆడియో కంపెనీలవాళ్ళు ఏం తిని బతుకుతున్నారండీ?" అని ఒక కుర్ర పాఠకుడు అడిగాడు.

మంచి ప్రశ్నే! వాళ్ళ గురించి మీరేం బెంగ పెట్టుకోకండి బ్రదర్. పాట మొదలయ్యే ముందు అయిదు సెకన్లు పళ్ళు నూరుకుంటూ ఒక ప్రకటన చూస్తారు చూశారూ, ఆ ప్రకటన డబ్బులో వాళ్ళకీ వాటా ఉంది. ఇదేదో కొత్త ఎత్తు అనుకుంటున్నారేమో... మీ తాతగారు నిక్కరు వేసుకు తిరిగే రోజుల్లోనే ఈ కథ శతదినోత్సవం చేసుకుంది!

ఫ్లాష్ బ్యాక్‌కి వెళదాం. 1952. కేంద్రంలో సమాచార ప్రసార శాఖ మంత్రి బి.వి. కేస్కర్ గారు. ఆయనకి సినిమా పాటంటే గిట్టదు. "హాయిగా శాస్త్రీయ సంగీతం వినక ఈ గోలేమిటి?" అన్న ధోరణిలో ఆకాశవాణిలో సినిమా పాటలకి కత్తెర పడింది. జనానికేమో పాట కావాలి. సముద్రం అవతల సింహళంలో రేడియో సిలోన్ ఉంది. దాని షార్ట్ వేవ్ గొంతు మన దేశమంతా వినిపిస్తుంది. సరిగ్గా ఆ సందులోంచి సీబా అనే స్విస్ కంపెనీ వారి బినాకా టూత్‌పేస్టు రంగప్రవేశం చేసింది. ఆ ఏడాది డిసెంబరులోనే "బినాకా గీత్‌మాలా" మొదలైంది.

ఇక చూస్కోండి! బుధవారం రాత్రి 8 అయ్యేసరికి రేడియో ఉన్న ఇంటి అరుగు మీద జనం. సోదరులని వెనక్కి పెట్టి సోదరీమణులని ముందు పలకరించే అమీన్ సయానీ గొంతు. ఏ పాట ఎన్నో మెట్టు మీద ఉందో ఆయన చెబుతుంటే గుండెలు దడదడ! పాట ఫ్రీ, గొంతు ఫ్రీ, ఆ దడ కూడా ఫ్రీ. మధ్యలో బినాకా పేరు ఓ పదిసార్లు చెవిన పడుతుంది, అంతే. పేస్టు డబ్బా కొంటే లోపల బుల్లి ప్లాస్టిక్ బొమ్మ కూడా ఉండేది. పిల్లలు ఆ బొమ్మ కోసం ఏడిచి మరీ పేస్టు కొనిపించేవారట. (ఆ మాటకొస్తే రేడియో పూర్తిగా ఫ్రీ ఏమీ కాదండోయ్. ఏటా పోస్టాఫీసుకి వెళ్ళి లైసెన్సు రుసుం కట్టాల్సిందే!)

మా తాతయ్య గీత్‌మాలా భక్తుడు. తెనాలి వాస్తవ్యులు, హిందీ ఒక్క ముక్క రాదు. అయినా పాతికేళ్ళు ఒక్క బుధవారం తప్పలేదని మా నాయనమ్మ దెప్పేది. తమాషా ఏమిటంటే, ఆయన చివరిదాకా పళ్ళు తోముకున్నది మాత్రం వేపపుల్లతోనే! పాతికేళ్ళు పాటలు విని బినాకా వారికి దమ్మిడీ ఇవ్వలేదు. అయినా మరుసటి బుధవారం పాట ఆగలేదు. ఎవరూ వచ్చి ఆయన జేబులో చెయ్యి పెట్టలేదు. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఆకాశవాణి మాత్రం ఎన్నాళ్ళని బిగుసుక్కూచుంటుంది? 1957లో వివిధ భారతి పెట్టారు. 1967 నవంబరులో అందులో ప్రకటనలూ మొదలయ్యాయి. చివరికి 1989లో ఆ గీత్‌మాలాయే వివిధ భారతికి వచ్చేసింది! అమీన్ సయానీ 2024లో కన్నుమూశారు.

అమెరికావాళ్ళు మనకంటే ముందే ఈ కిటుకు పట్టారు. 1933లో ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ ఆక్సిడాల్ అనే సబ్బుపొడి అమ్ముకోవడానికి "మా పెర్కిన్స్" అనే రేడియో సీరియల్ నడిపింది. అలాంటివాటికే "సోప్ ఒపేరా" అని పేరొచ్చింది. మన దూరదర్శన్‌లో 1984లో "హమ్ లోగ్" సీరియల్ వెనకాల నిలబడింది ఎవరనుకున్నారు? మ్యాగీ నూడుల్స్! ఇల్లాళ్ళు కన్నీళ్ళు తుడుచుకుంటూ రెండు నిమిషాల్లో టిఫిన్ చెయ్యడం నేర్చుకున్నారన్నమాట.

సరే, ఇంతవరకూ కథలో విలన్ లేడు. విలన్ ఇంటర్వెల్ తరవాత వచ్చాడు.

2008 ప్రాంతం. నేను డిగ్రీ వెలగబెడుతున్న రోజులు. ఎవరికి ఫోన్ చేసినా ట్రింగ్ ట్రింగ్ బదులు సినిమా పాట. "ఈ పాట మీక్కూడా కావాలంటే స్టార్ నొక్కండి, మొదటి నెల ఉచితం" అంది ఒక తియ్యటి గొంతు. నొక్కేశాను! నెల తిరగ్గానే 30 రూపాయలు కోత. పై నెలా కోత. ఆ పాట నాకు వినబడను కూడా వినబడదు, నాకు ఫోన్ చేసినవాడికి వినబడుతుంది. డబ్బు నాది, వినికిడి వాడిది! ఒక పత్రికాఫీసు నుంచి "ఫోన్ చెయ్యండి" అని మెసేజ్ వచ్చిన రోజున నా ఫోన్‌లో మిగిలింది 2 రూపాయలు. పబ్లిక్ బూత్‌కి పరిగెత్తాను. ఇలాంటి గోడు దేశమంతటా ఉండబట్టే, కస్టమరు రెండుసార్లు ఒప్పుకుంటే తప్ప ఇలాంటి సర్వీసులకి డబ్బు కొయ్యకూడదని 2013లో ట్రాయ్ ఆదేశించింది.

ఇప్పుడు తాతయ్య దగ్గరికి వద్దాం. ఫ్రీలో రెండు రకాలున్నాయి. ఒకటి, మీకు నచ్చి మీరు కదిలితేనే వాళ్ళకి డబ్బు. ఆ పేస్టు అలాంటిది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి 2017 మార్చి 31 దాకా నెట్టు ఫ్రీగా పోసిందే, అది కూడా ఆ జాతే. ఊరంతా వీడియోలకి అలవాటు పడింది నిజమే. కానీ ఏప్రిల్లో రీఛార్జి చెయ్యాలా వద్దా అన్నది మన చేతిలో పని. రెండో రకం, మీరు కదలకుండా కూచుంటేనే వాళ్ళకి డబ్బు. మీరు మరిచిపోవడమే వాళ్ళ పెట్టుబడి! నాకు భయం వేసేది ఈ రెండో రకంతోనే.

ఎందుకంటే మొన్ననే మా పిన్ని ఇంట్లో జరిగింది. ఆవిడ జాకెట్లు కుడుతుంది. కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. వాడి అభిమాన హీరో సినిమా ఏదో యాప్‌లోకి వచ్చింది. "7 రోజులు, 1 రూపాయి మాత్రమే" అని ఊరించింది. వాడు వాళ్ళమ్మ ఫోన్‌లో పిన్ నొక్కి, రూపాయి కట్టి, ఆ రాత్రే సినిమా చూసేసి, పొద్దున్నే యాప్ తీసిపారేశాడు. అక్కడితో శుభం కార్డు పడిందనుకున్నాడు పిచ్చివాడు. యాప్ తీసేస్తే ఆటోపే పోదుగా! నెలకి 199 చొప్పున అయిదు నెలలు వెళ్ళింది. 995 రూపాయలు. మా పిన్ని లెక్కలో అది పది జాకెట్ల కుట్టుకూలి.

కోతకి కనీసం 24 గంటల ముందే కబురు చెయ్యాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. కబురు వచ్చింది కూడా. ఇంగ్లీషులో! అయిదుసార్లూ ఆవిడ "బ్యాంకువాళ్ళు ఏదో లోను ఇస్తామంటున్నారు కాబోలు" అనుకుంది.

ఇలాంటి ఉచ్చుకి "సబ్‌స్క్రిప్షన్ ట్రాప్" అని పేరుపెట్టి, 2023 నవంబరులో కేంద్రం నిషేధించిన 13 మాయల జాబితాలో చేర్చింది. చేర్చినంత మాత్రాన ఆగుతాయా? మీరు డబ్బులు పంపే యాప్‌లోనే "ఆటోపే" అని ఒక మూల ఉంటుంది. ఈ పేజీ తిప్పేముందు ఒక్కసారి అది తెరిచి చూడండి. మీరు ఏనాడో మరిచిపోయిన రూపాయి సినిమా ఒకటి అందులో ఇంకా ఆడుతూ ఉండొచ్చు. అక్కడే రద్దు చెయ్యొచ్చు. అప్పటికే అన్యాయంగా డబ్బు పోయుంటే 1915 నంబరుకి ఫిర్యాదు చేసుకోవచ్చు. మీది చూశాక అమ్మ ఫోన్ కూడా చూడండి.

నేనే కూచుని పిన్ని ఫోన్‌లో ఆ ఆటోపే రద్దు చేశాను. మావాడు తలుపు వెనకాల నక్కి నిలబడ్డాడు. పిన్ని తిట్టలేదు. మిషను మీద దారం ఎక్కించుకుంటూ, "ఇంతకీ ఆ సినిమా బాగుందా ఏమిట్రా?" అంది.

"సెకండాఫ్ కొంచెం స్లో అమ్మా" అన్నాడు.