గొడవ చూపించని గిట్ పాఠం

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగేలోపే చేతికో కరపత్రం అందుతుంది. జావా, పైథాన్, ఫుల్ స్టాక్, డెవాప్స్. చివర్లో చిన్న అక్షరాలతో ‘గిట్ కూడా నేర్పబడును’. ఆ నేర్పడం ఎంతమాత్రమో ఎల్‌బీ నగర్‌లో ఆదివారాలు మాక్ ఇంటర్వ్యూలు చేసే నాకు తెలుస్తూనే ఉంటుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లు నల్గొండ, సూర్యాపేట నుంచి హైవే బస్సెక్కి వచ్చి హాస్టళ్లలో ఉండి చదివే పిల్లలు. ‘స్టాష్ అప్లైకీ స్టాష్ పాప్‌కీ తేడా ఏంటమ్మా?’ అంటే టక్కున చెప్తారు. అప్లై చేస్తే పక్కన పెట్టిన కోడ్ జాబితాలో అలాగే ఉంటుంది, పాప్ చేస్తే జాబితాలోంచి పోతుంది అని. మరి పాప్ చేసినప్పుడు కాన్‌ఫ్లిక్ట్ వస్తే? ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. కోడ్‌లో ఎవరేం మార్చారో గుర్తుపెట్టుకునేది గిట్. కోడ్ సగంలో ఉండగా అర్జెంటు పని మీద పడితే, ఆ సగాన్ని పక్కన పెట్టేదే స్టాష్. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ మొదలుపెట్టినప్పుడు ఇది లేదు, 2007లో చేరింది. మనం తిరిగి తెచ్చుకునేలోపు అవే వరుసల్ని ఇంకొకరు మార్చేస్తే ఏది ఉంచాలో గిట్ తేల్చదు. రెండింటినీ ఫైల్లోనే ఒకదాని కింద ఒకటి పెట్టి, తేల్చుకోమని మనకు వదిలేస్తుంది. అదే కాన్‌ఫ్లిక్ట్.

అక్కడే పిల్లలు బెదిరిపోతారు. రెండు దారుల కోడ్‌ను కలిపే మామూలు మెర్జ్‌లో ‘అబార్ట్’ ఉంది, వెనక్కి పోవచ్చు. స్టాష్‌కు అది లేదు. కంగారులో ‘రీసెట్ హార్డ్’ కొట్టి ఫైళ్లలోని మార్పుల్ని చెరిపేస్తారు, పైగా స్టాష్‌ను డ్రాప్ చేస్తారు. నిజానికి కాన్‌ఫ్లిక్ట్ వస్తే పాప్ కూడా స్టాష్‌ను తీసెయ్యదు. అది భద్రంగానే ఉందని గిట్ తెర మీద రాసి మరీ చెబుతుంది. ఆ ఒక్క వరుస చదివేవాళ్లేరీ! ఫైలు సరిచేసి, యాడ్ చేసి, ప్రోగ్రాం నడిపి చూసుకున్నాకే డ్రాప్ జోలికి వెళ్లాలి.

ఇంకా మంచి దారి ‘స్టాష్ బ్రాంచ్’. స్టాష్ చేసిన రోజు కోడ్ ఏ కమిట్ (భద్రపరిచిన దశ) దగ్గరుందో అక్కడే కొత్త బ్రాంచ్ (విడి దారి) తెరిచి మన మార్పుల్ని పరుస్తుంది. ఇంకెవరి మార్పులూ అక్కడ ఉండవు కనుక పేచీ రాదు. కమిట్ చేసుకుని తీరిగ్గా మెర్జ్ చేసుకోవచ్చు, అబార్ట్ కూడా చేతిలో ఉంటుంది. దీని పేరు విన్న కుర్రాడు ఇంతవరకు నాకు తగల్లేదు.

గిట్ పట్టుకోలేని గొడవలూ ఉన్నాయి. కొత్తపేటలో హాస్టల్ ఫీజు లెక్కగట్టే ప్రోగ్రాం అనుకుందాం. స్నేహితుడు ఒక ఫైల్లో లెక్కను రూపాయల్లోంచి పైసల్లోకి మార్చాడు. మన స్టాష్ వేరే ఫైల్లో దాన్ని ఇంకా రూపాయలనుకునే వాడుతోంది. ఒకే వరుస కాదు కాబట్టి గిట్ కిమ్మనదు. హాస్టల్ కుర్రాడికి మాత్రం వంద రెట్ల బిల్లు!

సిలబస్‌కే టైం చాలట్లేదని సెంటర్లవాళ్లు అంటారు. నేనొప్పుకోను. ఇద్దరు పిల్లల్ని ఒకే ప్రాజెక్టు మీద కూర్చోబెట్టి, ఒకే వరుసను మార్పించి, కాన్‌ఫ్లిక్ట్ తెప్పించడానికి ఒక పూట చాలు. తప్పు కంపెనీలదీ ఉంది, బట్టీ ప్రశ్నలు అడిగితే బట్టీ జవాబులే వస్తాయి. నేను ఇప్పుడు ప్రశ్న మానేసి, కాన్‌ఫ్లిక్ట్‌తో నిండిన ఫోల్డర్ తెరిచి ల్యాప్‌టాప్ వాళ్లవైపు తిప్పుతున్నాను. ముందు ‘గిట్ స్టేటస్’ కొట్టి, వచ్చింది చదివిన పిల్లకు తర్వాత ఎన్ని తప్పులు పోయినా మంచి మార్కులే వేస్తాను.