మన బండి బాగోగులు: జట్కాబండే నయమన్నారు నాన్నగారు

కిందటేడు ఈ శీర్షికలో రేడియేటర్ గురించి ముచ్చటించుకున్నాం. "ఈసారి పెద్ద బండ్ల గురించి రాయండి" అని క్లేటన్ రోడ్డు మీద పచారీ కొట్టు దగ్గర ఇద్దరు ముగ్గురు పట్టుకుని అడిగారు. వారి కోరికా, నా అనుభవమూ కలిసొచ్చాయి.

మోకాలి ఆపరేషన్ అయ్యాక నాన్నగారు తెనాలి నుంచి మా ఇంటికి వచ్చారు. మాది పాత లెక్సస్ ఎల్‌ఎక్స్ 470. 1998 నుంచి 2007 దాకా అమ్మిన మోడలు. మీట నొక్కితే మామూలు ఎత్తు నుంచి నాలుగైదు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, బురదదారిలో అంతే పైకి లేస్తుంది. పెద్దవారు ఎక్కడానికి సుఖమని మురిసిపోయాను. తీరా గుడికి బయల్దేరితే, గతుకు గతుకుకీ నాన్నగారు మోకాలు పట్టుకుని, "ఒరేయ్, తెనాలి జట్కాబండే నయంరా!" అన్నారు. తప్పు బండిది కాదు. కొన్ననాటి నుంచి అందులో సస్పెన్షన్ నూనె మార్చాలన్న ధ్యాసే లేని నాది.

ఈ నూనె సంగతేమిటో చూద్దాం. 1955 అక్టోబరులో పారిస్ మోటారు ప్రదర్శనలో సిట్రోయెన్ డీఎస్ అనే కారు వచ్చింది. పాల్ మాజెస్ అనే ఆయన రూపొందించిన నూనె-గాలి సస్పెన్షన్ దాని ప్రత్యేకత. ఇనుప గుండులో ఒకవైపు నైట్రోజన్ వాయువు, మరోవైపు నూనె, మధ్యన రబ్బరు పొర. నూనె నలగదు, వాయువు నలుగుతుంది. కుదుపంతా వాయువు మింగుతుంది. 1962 ఆగస్టు 22న పారిస్ శివార్లలో ఫ్రెంచి అధ్యక్షుడు డీగాల్ మీద హంతకులు తుపాకులు పేల్చినప్పుడు, టైర్లు చిల్లులు పడ్డా ఆయన డీఎస్ కారు ఆగకుండా పరుగెత్తింది. మా బండిలోదీ ఆ సూత్రమే. కాకపోతే మామూలు స్ప్రింగులు కూడా తోడుంటాయి.

ఏళ్ళు గడిచేకొద్దీ నూనె నల్లబడి, సన్నని వాల్వులలో మడ్డి చేరుతుంది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే, ఈ ఏర్పాటంతా పీకేసి మామూలు షాకబ్జార్బర్లు వేస్తామన్నారు. వేలల్లో ఖర్చు, పైగా బండి ఇక కిందికి దిగదు. నాన్నగారు ఎక్కేదెలా?

అలాంటి మాట విన్నవారు ముందొక చిన్న పరీక్ష చేయండి. ఇంజను నడుస్తుండగా బండిని పూర్తిగా పైకెత్తి, రిజర్వాయర్ మీది గీతల్లో నూనె మట్టం చూడండి. పూర్తిగా దించి మళ్ళీ చూడండి. గుండ్లు కొత్తవైతే తేడా సుమారు 14 గీతలుంటుంది. 7కు పడిపోతే గుండ్ల పని అయిపోయినట్టే, నూనె మార్చి లాభం లేదు. మా బండికి 10 వచ్చింది. ఆశ మిగిలింది.

ఆదివారం పొద్దున్నే కారు గరాజు ముందు పని మొదలుపెట్టాను. నాన్నగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ముందు చక్రం దగ్గర బ్లీడరు మర వదులు చేసి, గొట్టం సర్దుదామని టైరుకీ రెక్కకీ మధ్య చెయ్యి పెట్టాను. "చెయ్యి తియ్యరా!" అని కేక. తీశానో లేదో, బండి ఆ మూల నాలుగు వేళ్ళంత కిందికి కూర్చుంది. ఆర్టీసీ డిపోలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన కళ్ళు అవి. "ఎత్తు మీద ఉన్నదాన్ని దించకుండా మర ఎలా విప్పావురా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ అరక్షణం తలుచుకుంటే ఈనాటికీ వేళ్ళు చల్లబడతాయి.

కనుక వరుస తప్పకండి. చదునైన చోట బండిని పూర్తిగా దించి, ఇంజను ఆపి, చాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టాలి. జాకీని నమ్మి కిందికి దూరకూడదు. లోపలి ఒత్తిడి టైరులోని గాలికి ఇరవై రెట్ల పైమాటే. కళ్ళద్దాలు తప్పనిసరి. చిమ్మే నూనె చర్మంలోకి దూరితే పైకి చిన్న గాటులా కనిపించినా తక్షణం ఆసుపత్రికి పోవాల్సిందే. బ్లీడరుకు గొట్టం తగిలించి, రెండో కొస సీసాలో పెట్టి, మర మెల్లగా వదలాలి. ధార ఆగగానే బిగించి, రిజర్వాయర్ నింపి, స్టాండ్లు తీసి, కింద ఎవరూ లేరని చూసుకున్నాకే ఇంజను నడపాలి. నాలుగు చక్రాల దగ్గరా, అక్యుములేటర్ దగ్గరా స్వచ్ఛమైన నూనె వచ్చేదాకా ఇదే తంతు. మధ్యలో రిజర్వాయర్ ఎండితే పంపులోకి గాలి చేరుతుంది. కంపెనీవారి ఖనిజ నూనె రెండున్నర లీటర్ల డబ్బాల్లో దొరుకుతుంది. అదే పోయాలి. బ్రేకు నూనె పోశారా, లోపలి రబ్బరు సీళ్ళు పాడైపోతాయి.

పాత నూనె కాలువలో పారబోయకండి. మొనాష్ కౌన్సిల్ వారి రీసైక్లింగ్ కేంద్రం నాటింగ్ హిల్‌లో, ఫెర్న్‌ట్రీ గల్లీ రోడ్డు మీదే ఉంది. ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి. ఇదంతా మనవల్ల కాదనిపిస్తే, ఈ పని తెలిసిన మెకానిక్కుకే అప్పగించండి. చెయ్యి కన్నా డబ్బు ఎక్కువ కాదు.

2018లో గేటు దగ్గర పడిగాపులు తప్పించడానికి రైలు పట్టాలనే పైకెత్తిన ఊరు మన క్లేటన్. మన బండిని ఎత్తడం, దించడం ఓ లెక్కా అనుకున్నాను. లెక్కేనని నాన్నగారు నేర్పారు. మర్నాడు గుడికి వెళ్తుంటే వెనక సీటులోంచి మాట వినబడలేదు. అద్దంలో చూస్తే హాయిగా నిద్రపోతున్నారు.