నలుపు తెలుపుల్లో చూడండి!

బ్లాక్ అండ్ వైట్ సినిమాని కళ్ళప్పగించి చూసినవాళ్ళకి ముక్కల బొంత కుట్టడం సగం వచ్చేసినట్టే! నవ్వకండి, నిజమే చెబుతున్నాను. 1957 నాటి ‘మాయాబజార్’ సంగతే తీసుకోండి. 2010లో రంగులద్దుకుని మళ్ళీ థియేటర్లకొచ్చింది గానీ, అంతకుముందు 53 ఏళ్ళపాటు ఆ నగలూ, ఆ పట్టుబట్టలూ నలుపు తెలుపుల్లోనే కదా మనల్ని మురిపించాయి? ఏ చీర ఎరుపో, ఏ చీర పచ్చో ప్రేక్షకుడికి తెలీదు. మార్కస్ బార్ట్లీ కెమెరా వెలుగునీ నీడనీ విడదీసి చూపించింది, అంతే. గుడ్డముక్కలు జతకూర్చడానికీ అదే కిటుకు.

ఇంతకీ ఈ కుట్టుపని నా మెడకెలా చుట్టుకుందంటారా? మా అమ్మమ్మ పోయాక పెట్టెలో ఒక్క మంగళగిరి నూలుచీర మిగిలింది, ముదురాకుపచ్చది. కూతుళ్ళు ముగ్గురు... పెద్దమ్మ, అమ్మ, పిన్ని. ముగ్గురికీ అదే కావాలి! బొంత కుట్టిస్తే ఒక్కరింటికే పోతుంది. భోజనాలబల్ల మీద పొడుగ్గా పరుచుకునే టేబుల్ రన్నర్లయితే తలా ఒకటి వస్తుందన్నాను.

“మా అమ్మ చీరకి కత్తెర పెడతావుటే?” అంది అమ్మ.

“పెట్టెలో ఉంచితే మడతమడతకీ చిరిగిపోతుందమ్మా” అన్నాను.

రెండ్రోజులు నాతో మాటల్లేవు. మూడోనాడు తనే చీర తెచ్చి నా ముందు పెట్టింది.

దాని పక్కకి మెరూన్ కలంకారీ అదిరిపోతుందని అందరూ అన్నారు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ రెండు గుడ్డల్నీ పక్కపక్కన పెట్టి, ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీస్తే రెండూ ఒకటే బూడిదరంగు! అలా కుడితే దూరాన్నించి చదరాలే కనబడవు. అందుకే మీగడరంగు మీద మెరూన్ తీగలున్న కలంకారీ తెచ్చాను. ఇందులో అదీ హీరో. సాదా చీర కారెక్టర్ నటుడు. చుట్టూ సన్నటి మెరూన్ పట్టీ కమెడియన్, కొంచెంగా కనిపిస్తేనే అందం. అన్నీ పూలగుడ్డలే పెట్టారనుకోండి, అందరూ హీరోలైన సినిమాలా ఎవర్ని చూడాలో తెలీదు.

నాలుగడుగుల బల్లకి లెక్క రాసుకోండి. 5 అంగుళాల చదరాలు 39... చీరవి 20, కలంకారీవి 19. వరసకి 3 చొప్పున 13 వరసలు, చదరంగం బల్లలా ఒకటి విడిచి ఒకటి. కుట్టులోకి పావంగుళం చొప్పున పోతే 14 అంగుళాల వెడల్పు, 59 అంగుళాల పొడవు తేలుతుంది. బల్లకి అటూ ఇటూ అయిదున్నర అంగుళాలు వేలాడుతుంది. చీర అంచు వదిలేసినా అడ్డంగా 7 ముక్కలొస్తాయి కాబట్టి ఒక రన్నరుకి 15 అంగుళాల పొడవు చాలు. ముగ్గురికీ కలిపి గజంపావు!

కోసేముందు గుడ్డలన్నీ విడివిడిగా ఉతికి ఇస్త్రీ చెయ్యండి. కుంచించుకుపోయేదీ, రంగు దిగేదీ అప్పుడే బయటపడుతుంది. నూలుతో నైలాన్ కలపకండి. పైన ముక్కల పొర, మధ్యలో పాత దుప్పటి, అడుగున సాదా గుడ్డ... మూడింటినీ కదలకుండా కచ్చాకుట్టు వెయ్యండి. అసలు కుట్టు మాత్రం మధ్యనించి అంచులకి రావాలి. అంచుల్నించి మొదలెడితే నడుమ ఉబ్బు మిగిలిపోతుంది. చివర్న చుట్టూ పట్టీ.

మూడూ ఎవరింటికి వాళ్ళకి చేరాయి. పెద్దమ్మ బల్లమీద పరిచింది. అమ్మ పండక్కి మాత్రమే తీస్తానంది. పిన్ని తలగడకి చుట్టుకుని పడుకుంటోందిట! పరుచుకునేది అలా చుట్టుకోకూడదని నేనెందుకంటాను?

మీ ఇంట్లోనూ పెట్టె అడుగున ఏదో ఒక చీర ఉండే ఉంటుంది. కత్తెర పట్టేముందు ఇంట్లో అందర్నీ అడగండి. ఒప్పుకున్నాక ఒక్క ఫోటో తియ్యండి... బ్లాక్ అండ్ వైట్‌లో సుమా!