సీసీ తగ్గింది... రికార్డు పెరిగింది!

పార్వతీపురంలో ఏ మెకానిక్ షెడ్డు ముందు కాసేపు నిలబడినా ఒక మాట చెవిన పడుతుంది. 'బండి బోరుకొచ్చిందండీ!' అంతే, బండి యజమాని మొహం వాడిపోతుంది. నెల ఖర్చుల లెక్క తలకిందులైనట్టే మరి! కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు కొండదారుల్లో ఇద్దరు మనుషుల్నీ వెనకాల ఓ బస్తానీ మోస్తూ, చిన్న గేరులో మూలుగుతూ ఎక్కే వంద సీసీ బండికి ఎప్పటికైనా ఆ రోజు రాక తప్పదు. సిలిండరు గోడ అరిగిపోతుంది. సైలెన్సర్లోంచి నీలం పొగ మొదలవుతుంది. అప్పుడు సిలిండర్‌ని బోరింగుకిచ్చి, లోపలి గోడ నున్నగా చెక్కించి, కాస్త పెద్ద పిస్టన్ వేయించుకోవాలి.

ఇందులో చాలామంది పట్టించుకోని చిన్న విశేషం ఒకటుంది. బోరింగు చేయించిన ప్రతిసారీ బండి సీసీ రవ్వంత పెరుగుతుంది! సిలిండరు వెడల్పు 50 మిల్లీమీటర్లు, పిస్టన్ కిందికీ పైకీ తిరిగే దూరం 49.5 మిల్లీమీటర్లు అనుకుంటే, ఆ ఖాళీలో పట్టేది 97 సీసీ పైచిలుకు. వెడల్పు అర మిల్లీమీటరు పెంచితే అది 99 సీసీ అవుతుంది. సీసీ అంటే క్యూబిక్ సెంటీమీటరు... ఇంకోలా చెప్పాలంటే ఇంజిన్ ఒక్క విడతలో ఎంత ఊపిరి పీల్చగలదో చెప్పే కొలత.

సరిగ్గా ఈ బోరింగు పనితోనే 1939లో జర్మనీలో ఒక ప్రపంచ రికార్డు బద్దలైంది. ఆ పని చేయించుకున్న కారు యజమాని గోల్డీ గార్డ్‌నర్. బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన మనిషి. మొదటి ప్రపంచ యుద్ధంలో కాలికి తీవ్రంగా గాయమై, చేతికర్ర సాయంతో నడిచేవాడు. నడకకు కర్ర కావాలి కానీ కారులో కూర్చుంటే మాత్రం ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు!

ఆయన కారు ఎంజీ కంపెనీ తయారుచేసిన ఈఎక్స్ 135. గాలిని చీల్చుకుపోయేలా నేలబారుగా, నున్నగా ఉండే దాని ఒళ్లు రీడ్ రైల్టన్ అనే ఇంజినీరు తీర్చిదిద్దింది. లోపల ఆరు సిలిండర్ల చిన్న ఇంజిన్. అదీ 1,100 సీసీ లోపే. అయితే ఊపిరి దానంతట అది పీల్చుకునేవరకూ ఆగకుండా, గాలిని బలవంతంగా లోపలికి నెట్టే సూపర్‌చార్జరు దానికి తోడుంది.

వేగం రికార్డుల్లో అందర్నీ ఒకే గాటన కట్టరు. మల్లయోధులకు బరువును బట్టి తరగతులున్నట్టే, కార్లకు సీసీని బట్టి తరగతులుంటాయి. 350, 500, 750, 1,100, 1,500, 2,000... ఇలా. ఎవరి తరగతిలో వాళ్లే పోటీ. కారు ఒకవైపు పరుగెత్తితే సరిపోదు. గాలివాటం, దారి వాలు కలిసొచ్చాయని ఎవరూ అనకుండా, వచ్చిన దారినే వెనక్కీ పరుగెత్తాలి. రెండింటి సగటే లెక్క.

1939 మే నెలాఖరున డెస్సావ్ దగ్గర రహదారి మీద గార్డ్‌నర్ 1,100 సీసీ తరగతిలో గంటకు దాదాపు 327 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. అక్కడితో ఆగితే ఆయన గోల్డీ ఎందుకవుతాడు? కారులోంచి ఇంజిన్ దించకుండానే సిలిండర్లకు బోరింగు చేయించాడు. ఇంజిన్ 1,100 గీత దాటి 1,106కు చేరింది. ఆ ఆరు సీసీలు చాలు, కారు 1,500 తరగతిలోకి వచ్చేసింది! జూన్ 2న అదే కారు 328 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో ఆ తరగతి రికార్డునూ చేజిక్కించుకుంది.

ఇంతవరకూ అందరికీ అర్థమయ్యే కథే. ఇంజిన్ పెంచితే రికార్డు వచ్చింది. అసలు తమాషా యుద్ధం ముగిశాక మొదలైంది. ఈసారి గార్డ్‌నర్ ఇంజిన్‌ను తగ్గించుకుంటూ పోయాడు!

1946లో బెల్జియంలోని జబ్బెకె రహదారి మీదికి 750 సీసీ లోపు ఇంజిన్‌తో వచ్చాడు. 256 కిలోమీటర్లు. మరుసటేడాది ఆరు సిలిండర్లలో రెండింటికి సెలవిచ్చి, నాలుగింటితోనే 500 తరగతిలో దిగాడు. 190 కిలోమీటర్లు. 1949లో అదే 500 తరగతికి మళ్లీ వచ్చాడు. ఈసారి పనిచేసినవి మూడే సిలిండర్లు. కానీ ఒక్కొక్కటీ మునుపటికంటే పెద్దది. వేగం ఏకంగా 248కి ఎగబాకింది! 1950లో రెండే సిలిండర్లు మిగిలాయి. 350 తరగతిలో దాదాపు 195 కిలోమీటర్లు. అప్పటికి ఆయన వయసు 60 ఏళ్లు. మధ్యలో 1948లో జాగ్వార్ వాళ్ల ఇంజిన్ బిగించి 2,000 సీసీ తరగతినీ గెలిచాడు. మొత్తం ఆరు తరగతుల రికార్డులు ఒకే మనిషి ఖాతాలో పడ్డాయి.

సగం ఇంజిన్‌ను నిద్రపుచ్చినా కారు అంత వేగంగా ఎలా వెళ్లింది? ఇక్కడో చిన్న లెక్కుంది. వేగం పెరిగేకొద్దీ కారుకు అసలు శత్రువు గాలి. వేగం రెట్టింపు కావాలంటే గాలిని తోసుకుపోవడానికి రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్ల శక్తి కావాలి. దీన్నే తిరగేసి చూడండి. శక్తి సగానికి తగ్గినా వేగం సగానికి పడిపోదు. అయిదో వంతు మాత్రమే తగ్గుతుంది! సీసీని బట్టే శక్తి తగ్గుతుందనుకుంటే, 1,106 సీసీతో 328 అందుకున్న కారు 500 సీసీతో 252 దరిదాపుల్లో ఉండాలి. గార్డ్‌నర్‌కు వచ్చింది 248. కాగితం మీది లెక్కకూ రోడ్డు మీది లెక్కకూ తేడా నాలుగు కిలోమీటర్లే.

అయితే తగ్గించడం అంత తేలికేం కాదు. ఆరుగురు మోసే పల్లకిని ముగ్గురితో మోయించినట్టే. ముగ్గురూ సమానంగా అడుగు వేయకపోతే పల్లకి ఊగిపోతుంది. ఇంజినూ అంతే. పేలుడుకూ పేలుడుకూ మధ్య ఎడం సమంగా లేకపోతే వణికిపోతుంది. పనిచేయని సిలిండర్ల దగ్గర రాపిడి మిగిలితే ఉన్న శక్తి కాస్తా దానికే ఖర్చవుతుంది. అందుకే పెద్ద ఇంజిన్‌లో కొట్టుకుపోయే చిన్న లోపం కూడా చిన్న ఇంజిన్‌లో బయటపడిపోతుంది. సిడ్ ఎనెవర్ లాంటి ఎంజీ ఇంజినీర్ల గొప్పదనం అక్కడే తెలిసేది.

ఈ సీసీ గీతలు రికార్డులకే పరిమితం అనుకుంటే పొరపాటే. మన ఇంటి గేటు దాకా వచ్చాయి. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1,200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న కార్లకు 2006లో కేంద్రం పన్ను తగ్గించింది. 2010లో మారుతీ స్విఫ్ట్ పెట్రోలు ఇంజిన్ 1,298 నుంచి 1,197 సీసీకి దిగింది. గార్డ్‌నర్ రికార్డు కోసం చేసిన పనే, ఇక్కడ పన్ను కోసం! 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు మోటారు సైకిళ్లకు జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం. ఘాట్ రోడ్లో దడదడలాడుతూ వెళ్లే బుల్లెట్ 349 సీసీ దగ్గర ఆగింది కాబట్టి ఆ గీతకు ఇవతలే ఉంది.

ఇంకో గీత కూడా ఉంది. అన్నిటికంటే చిన్నది, అందరూ చూసీ చూడనట్టు దాటేసేది. పదహారేళ్లు నిండితే 50 సీసీ మించని బండే నడపాలని, ఆపై బండ్లకు పద్దెనిమిది నిండాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. షోరూముల్లో కనిపించే పెట్రోలు స్కూటర్లేమో వంద సీసీ దరిదాపుల్లో, లేదంటే ఆపైనే. 'ట్యూషనుకే కదా' అంటూ తాళాలు చేతిలో పెట్టేస్తారు. ఆ పిల్లాడు పట్టుబడితే కన్నవాళ్లకు 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు ఉంటాయని 2019 సవరణ చెబుతోంది. మలుపు తర్వాత మలుపు వచ్చే కొండదారిలో జరగరానిది జరిగితే పోయేదానికి మాత్రం ఏ చట్టమూ వెల కట్టలేదు.

గంటకు 328 కిలోమీటర్లు నడిపిన మనిషి 350 తరగతిలో దిగాలనుకున్నప్పుడు ఇంజిన్‌ను ఆ గీత లోపలికి తగ్గించుకునే వచ్చాడు. అది ఆయనకు చిన్నతనం అనిపించలేదు. 'మా వాడి బండి ఎన్ని సీసీ?' అని లెక్కపెట్టుకునే ముందు, వాడి వయసు ఏ తరగతిదో చూసుకుంటే చాలు. మిగతాది తీరిగ్గా నేర్చుకోవచ్చు. కొండలు ఎక్కడికీ పోవు కదా!