పాదు పూసింది, కాయదేం?



మా పక్కింటి అబ్బాయి వేసవి సెలవులలో పెరట్లో కీరదోస గింజలు పాతి, రోజూ తనే నీళ్ళు పోశాడు. పాదు పందిరెక్కి విరగబూసింది. కాని పూలన్నీ రాలిపోవటమే తప్ప ఒక్క కాయైనా నిలవలేదు. వాళ్ళ బామ్మ చూచి, "ఇది వట్టిపాదురా! పీకి పారేసి బెండ వేసుకో," అన్నది. వాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని నా దగ్గరకు వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరమూ పాదును పరీక్షించాం. కీరదోసకు రెండు రకాల పూలుంటాయి. ఉత్త సన్నకాడ మీద పూసేవి పోతుపూలు. పువ్వు కింద చిట్టి పిందె ఉంటే అది ఆడపువ్వు. సాధారణంగా పోతుపూలే ముందు పూస్తాయి. అవి రాలిపోతే దిగులు పడనక్కరలేదు.

కాని వాడి పాదుకు ఆడపూలు కూడా ఉన్నాయి. వాటి పిందెలు పసుపుబారి రాలుతున్నాయి. ఎందుచేత? పోతుపువ్వులోని పుప్పొడి ఆడపువ్వు నడుమకు చేరితేనే పిందె కాయవుతుంది. ఈ పుప్పొడి జిగురుగా ఉంటుంది గనక గాలికి ఎగరదు, తేనెటీగలే మోసుకుపోవాలి. ఆడపువ్వు విచ్చుకుని ఉండేది ఒక్కరోజే. ఆ రోజున తేనెటీగలు చాలాసార్లు వాలాలి. పుప్పొడి చాలకపోతే కాయ వంకరపోతుంది.

"మరి ఇక్కడ ఒక్క తేనెటీగా లేదే?" అన్నాడు వాడు.

"ఆకులకు మందేమైనా కొడుతున్నారా?"

"పురుగు పడుతుందని నాన్నగారు రోజు విడిచి రోజు పొద్దున్నే చల్లుతున్నారు."

ఇంకేం! పూలు విచ్చిన వేళ మందు చల్లితే పురుగులతోపాటు తేనెటీగలు కూడా చస్తాయి.

నేను చెప్పినట్టు వాడు అప్పుడే విచ్చిన పోతుపువ్వును కోసి, రేకులు తుంచి, దాని పుప్పొడిని ఆడపువ్వు నడుమ మెల్లగా రుద్దాడు. అలా నాలుగు పూలకు చేశాడు. ఒక పిందె రాలిపోయింది. మిగిలిన మూడూ వారం తిరిగేసరికి వేలెడేసి కాయలైనాయి! నాన్నగారు మందు మానేశారు. మొదటి కాయ వాడు బామ్మకే ఇచ్చాడు.

గాజు ఇళ్ళలో పెంచే కొన్ని కీరరకాలు పుప్పొడి లేకుండానే కాస్తాయి. అలాంటి కాయలలో ముదురు గింజలుండవు.

మీరూ చేసి చూడండి. సాయంకాలం, తెల్లవారితే విచ్చే రెండు ఆడమొగ్గలకు పలచని గుడ్డసంచులు కట్టండి. పొద్దున ఒకదానికి పుప్పొడి రుద్ది, మళ్ళీ సంచి కట్టండి. రెండోదాన్ని ముట్టకండి. ఏది కాయవుతుందో మీకే తెలుస్తుంది.